ఎరువు తిన్న నేల

షేక్‌పేట నుంచి పొద్దున్నే కొండెక్కి వచ్చే కూరలవాళ్ళలో నీలమ్మను దూరం నుంచే గుర్తుపట్టేవాళ్ళు. మిగతా ఆడవాళ్ళు గంపల మీద తడి గోనెసంచి కప్పుకొని వచ్చేవాళ్ళు. నీలమ్మ మాత్రం పాత నూలుచీరను నాలుగు మడతలు పెట్టి, తడిపి కప్పేది. గోనె బరువుకు పుదీన నలిగిపోతుందని ఆమె బాధ. గేటు దగ్గర కేకలు వేసేది కాదు. గొళ్ళెం రెండుసార్లు ఆడించి, గంప దించుకొని, లోపలినుంచి ఎవరైనా వచ్చేదాకా నిలబడేది.

జూబ్లీ హిల్స్‌లో బండల మధ్య ఒక్కొక్క బంగళా లేస్తున్న రోజులవి. పక్కనే ఫిల్మ్‌నగర్‌లో సినిమావాళ్ళ ఇళ్ళు, ఆఫీసులు పడుతున్నాయి. మద్రాసు వదిలి వచ్చినవాళ్ళు, కోస్తా జిల్లాల వ్యాపారస్తులు అక్కడ స్థిరపడుతున్నారు. కారు లేనిదే ఎవరూ కదలని ఆ రోడ్ల మీద రోజూ కాలినడకన తిరిగే కొద్దిమందిలో నీలమ్మ ఒకతె.

ఆమె పుట్టింది శంకర్‌పల్లి అవతల, వాన పడితేనే పంట ఉండే ఒక ఊళ్ళో. 1974లో, పద్దెనిమిదో ఏట, షేక్‌పేట బాలనర్సయ్యకిచ్చి పెళ్ళి చేశారు. అత్తవారికి కొండ మొదట్లో ఎకరం పది గుంటల పొలం, అందులో రాతితో కట్టిన బావి ఉన్నాయి. జొన్న, కంది తప్ప ఇంకో పైరు ఎరగని ఊరినుంచి వచ్చిన పిల్లకు, నడిఎండాకాలంలో కూడా నీళ్ళు కనిపించే ఆ బావి ఒక వింత. కొత్తలో ఏ పనీ లేకపోయినా వెళ్ళి తొంగిచూసి వచ్చేదట.

ఆకుకూరల సేద్యం ఆమెకు అత్త మల్లమ్మ నేర్పింది. పాలకూర, మెంతికూర, కొత్తిమీర, పుదీన, చుక్కకూర, అన్నీ ఒక్క పూట నీళ్ళు తప్పితే తల వాల్చే మొక్కలే. అయినా మల్లమ్మ నీళ్ళ గురించి పెద్దగా చెప్పేది కాదు. ఆమె పట్టంతా ఎరువు మీద. షేక్‌పేటలో ఏ కొట్టంలో ఎన్ని బర్రెలున్నాయో ఆమెకు తెలుసు. పేడ, బూడిద, రాలిన ఆకు కుప్ప వేసి కుళ్ళబెట్టి, ఏడాదికి రెండుసార్లు ప్రతి మడికీ గంపలతో మోయించేది. మల్లమ్మ కోడలిగా వచ్చినప్పుడు ఆమె అత్త కూడా అలాగే మోయించిందట. కొండ కింద నేలంతా ఎర్రటి మొరం. ఆ ఒక్క పొలంలో మాత్రం మోచేతి లోతు దాకా నల్లటి మెత్తటి మన్ను ఉండేది. 1983లో మల్లమ్మ పోయాక ఎరువు మోసే పని నీలమ్మ మీద పడింది. ఎవరూ చెప్పకుండానే ఆ పట్టు కూడా ఆమెకు వచ్చేసింది.

బాలనర్సయ్య మాట తక్కువ మనిషి. నీళ్ళు పారించడంలో మాత్రం అతనికి అతనే సాటి. పొద్దు పొడవకముందే మోటరు వేసి, కాలువల వెంట వంగి నడుస్తూ, చేతులతోనే గండి తీసి గండి కట్టి, ఏ మడికి ఎంత కావాలో అంతే అందించేవాడు. కోత, కట్టలు కట్టడం, కొండమీద అమ్మకం నీలమ్మవి. వాళ్ళకు ఒక్కతే కూతురు భూలక్ష్మి, బడిలో చదువుతుండేది. బాలనర్సయ్య తమ్ముడు నర్సింహకు సేద్యం అబ్బలేదు. రంగుల పని నేర్చుకొని సినిమా సెట్లకు పోయేవాడు. ప్లాస్టర్ స్తంభానికి రంగు వేసి అచ్చం నల్లరాతి స్తంభంలా కనిపించేట్టు చేయడంలో అతనికి మంచి పేరు. పొలంలో అతనికీ వాటా ఉంది. ఎప్పుడైనా వచ్చి గట్టు మీద కూర్చొని బీడీ కాల్చుకొని పోయేవాడు.

నీలమ్మ దగ్గర కూరలు తీసుకునే ఇళ్ళలో శారదాదేవి ఇల్లు ఒకటి. ఆమె భర్త సినిమాలు కొని జిల్లాల్లో ఆడించే వ్యాపారి. శారదాదేవిది రేపల్లె దగ్గర వరిపొలాల ఊరు. బంగళా చుట్టూ పెంచిన పచ్చికను చూసి ఆవిడ ఎప్పుడూ పెదవి విరిచేది, లారీలో తెచ్చి పరిచిన మట్టిలో ఏం బతుకుతుందని. ఒకసారి ఆవిడ కరివేపాకు మొక్క ఎండిపోతుంటే నీలమ్మ గంప పక్కన పెట్టి, మొదట్లో వేళ్ళు గుచ్చి చూసి, జానెడు కింద సిమెంటు పెళ్ళలున్నాయని చెప్పింది. తవ్వితే నిజంగానే ఉన్నాయి. మొక్కను ఇంకోచోటికి మార్చాక చిగురు వేసింది. అప్పటినుంచి ఇద్దరికీ స్నేహం. నీలమ్మ పుంటికూర అంటే శారదాదేవి గోంగూర అనేది. ఒకరి మాటకు ఒకరు నవ్వుకునేవాళ్ళు.

ఇలా సాగుతుండగా 1992 ఫిబ్రవరిలో ఒకరోజు, నీలమ్మ ఖాళీ గంపతో దిగివచ్చేసరికి పొలంలో నలుగురు మనుషులు కనిపించారు. ఒకతని చేతిలో మ్యాపు ఉంది. మిగతావాళ్ళు ఎర్రరంగు పూసిన ఇనుప కడ్డీలు పాతుతున్నారు. మెంతికూర మడి మధ్యనుంచి సున్నపు గీత గీసి ఉంది. ఆ గీత వంకర తిరగకుండా బావికి ఇవతలి పక్కనుంచి పోయింది. అంటే బావి, దాని చుట్టూ ఉన్న అరెకరం గీతకు అవతల పడ్డాయి. కొండ మీద కొత్తగా వేసిన కాలనీ తాలూకు మనుషులమని, తమ లేఅవుటు అక్కడిదాకా వస్తుందని, ఎండాకాలం వెళ్ళేలోపు ప్రహరీ గోడ కడతామని మ్యాపు పట్టుకున్న మేనేజరు నెమ్మదిగానే చెప్పాడు. కూరలు కోసుకోవడానికి కొన్నాళ్ళు గడువిస్తామన్నాడు.

బాలనర్సయ్య పార పట్టుకొని నిలబడి ఉన్నాడు. సాయంత్రం అన్నం పెడితే రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కున్నాడు. మర్నాడు పొద్దున మోటరు చప్పుడు వినిపించలేదు. నీలమ్మ వెళ్ళి చూస్తే బావి గట్టు మీద కూర్చొని ఉన్నాడు. పొద్దెక్కుతుంది, నీళ్ళు పెట్టవా అని అడిగింది.

"ఎవ్వల కోసం పారబెట్టాలె?" అన్నాడు.

ఆ రోజు మోటరు ఆమే వేసింది. ఆమెకు పారకం అంతగా తెలియదు. రెండు మడులు నిండి పొర్లాయి, మూడోదానికి తడి అందలేదు. అయినా మానలేదు.

వారానికి నర్సింహ వచ్చాడు. విషయమంతా అతనికి ముందే తెలిసినట్టుంది. అన్నతో కాకుండా వదినెతోనే మాట్లాడాడు. ఆఫీసుల చుట్టూ తిరగడం మనవల్ల కాదని, వాళ్ళు పెద్దవాళ్ళని, ఇచ్చింది పుచ్చుకొని చేవెళ్ళ వైపో ఎటో ఇంకో జాగ చూసుకుందామని అన్నాడు. నీలమ్మ కొత్తిమీర కట్టలు కడుతూ విన్నది.

"జాగ ఇంకోకాడ దొరుకుతది నర్సింహ. గీ మన్ను యాడ దొరుకుతది?" అంది.

నర్సింహ బీడీ కూడా కాల్చకుండా వెళ్ళిపోయాడు.

ఆ రోజుల్లో నీలమ్మ గంపలో పుదీన తగ్గింది. శారదాదేవి అది గమనించి అడిగింది. నీలమ్మ మొదట ఏమీ లేదని దాటవేసినా, గేటు దగ్గరే నిలబడి మొత్తం చెప్పేసింది. చెప్తున్నంతసేపూ ఏడవలేదు. కానీ చేతిలో ఉన్న పాలకూర కట్టను ఒక్కొక్క ఆకే తుంచేసిందని శారదాదేవి తర్వాత చెప్పేది. ఆవిడ లోపలికి తీసుకెళ్ళి కూర్చోబెట్టి, సర్వే చేయించి హద్దులు చూపించమని మండలాఫీసుకు అర్జీ రాసిపెట్టింది. కింద నీలమ్మ చేత వేలిముద్ర వేయించబోతే, నీలమ్మ పెన్ను అడిగి తీసుకుంది. భూలక్ష్మి దగ్గర నేర్చుకున్న తన పేరులోని మూడక్షరాలు పెద్దపెద్దగా రాసింది.

అర్జీ ఇవ్వడం తేలిక, కదిలించడం కష్టం. నీలమ్మ కూరలు అమ్ముకున్నాక ఖాళీ గంప చంకన పెట్టుకొని మండలాఫీసుకు పోయేది. వరండాలో గోడవార కూర్చునేది. రేపు రమ్మంటే రేపు పోయేది. సర్వేయర్ వేరే పని మీద ఉన్నాడంటే ఎప్పుడొస్తాడని అడిగేది. ఎవరినీ బతిమాలలేదు, ఎవరిమీదా గొంతు పెంచలేదు. మార్చి పోయింది, ఏప్రిల్ పోయింది. ఆమె ముఖం చూసి చూసి చివరికి అక్కడి గుమాస్తాయే సర్వేయర్ దగ్గరికి తీసుకెళ్ళాడు.

సర్వేయర్ పేరు త్రినాథరావు. శ్రీకాకుళం వైపు మనిషి, యాభై ఏళ్ళుంటాయి. ఎండకు తల మీద తడి తువ్వాలు వేసుకొని తిరిగేవాడు. మే నెల రెండోవారంలో ఒక సోమవారం కొలత గొలుసు, పాత పటం తీసుకొని పొలానికి వచ్చాడు. కాలనీ మేనేజరుకు కూడా కబురు పెట్టి రప్పించాడు. పటం ప్రకారం ఆ పొలానికి మూడు హద్దురాళ్ళు ఉండాలి. కింద రోడ్డువైపు రాయి దొరికింది. పడమటి గట్టులో రెండోది దొరికింది. మూడోది, అన్నిటికన్నా ముఖ్యమైనది, కొండవైపు మూలలో ఉండాలి. ఆ మూలలో మనిషెత్తు చెత్తకుప్ప ఉంది.

అయిదేళ్ళుగా పెరిగిన కుప్ప అది. ఇళ్ళు కట్టినప్పుడు మిగిలిన ఇటుకముక్కలు, పగలగొట్టిన బండలు, అన్నిటికంటే ఎక్కువగా సినిమా సెట్లు విప్పినప్పుడు పారేసిన ప్లాస్టరు. విరిగిన కిరీటాలు, సింహాల తలలు, సగం స్తంభాలు అందులోంచి పైకి తేలి ఉండేవి. ఎవరో చెప్పాపెట్టకుండా లారీల్లో తెచ్చి పోసిపోతున్నారని నర్సింహ అంటుండేవాడు. ఆ మూల బండలు తేలి, మల్లమ్మ పోయినప్పటినుంచి బీడుగానే ఉందని వాళ్ళూ పట్టించుకోలేదు.

అక్కడ రాయి అన్నదే లేదని మేనేజరు అన్నాడు. ఉన్నదని, తను చూసిందని నీలమ్మ అంది. త్రినాథరావు ఇద్దరి మాటా విని పటం మడిచాడు.

"చూడమ్మా, ఆ రాయి కనపడితే ఒక్క పూటలో తేలిపోతుంది. కనపడకపోతే నేను పైనున్న లేఅవుటు గుర్తుల నుంచి కొలుచుకు రావాలి. అప్పుడు బావి అటు పోయినా నేను చేయగలిగిందేం లేదు. వచ్చే సోమవారం మళ్ళీ వస్తాను. ఈలోగా చూసుకోండి" అన్నాడు.

చేతిలో ఉన్నవి ఆరు రోజులు. ఆ కుప్ప మొత్తం ఎత్తిపోయాలంటే ఆరు నెలలైనా చాలదు. సర్వేయర్ వెళ్ళాక నీలమ్మ కుప్ప చుట్టూ మూడుసార్లు తిరిగింది. తర్వాత కుప్ప అంచున, చివరి మడికి ఆనుకొని, గడ్డపారతో ఒక గుంట తీసింది. పైన ప్లాస్టరు పొడి, దాని కింద నల్లమన్ను. ఇంకో నాలుగడుగులు లోపలికి జరిగి ఇంకో గుంట తీసింది. అక్కడా నల్లమన్నే. మూడో గుంటలో సగం నలుపు, సగం ఎరుపు వచ్చింది. ఆమె అక్కడే కూలబడి, రెండు రంగుల మన్నూ చేతిలోకి తీసుకొని చాలాసేపు చూసింది. తర్వాత లేచి ఇంటికి వెళ్ళి, మంచం మీద ముడుచుకొని ఉన్న బాలనర్సయ్యను లేపింది. అత్త మల్లమ్మ, ఆమె అత్త ఎరువు ఎక్కడిదాకా మోశారో అక్కడిదాకా నేల నల్లగా ఉందని, ఆ నలుపు ఆగిన గీత వెంట తవ్వుకుపోతే మూల దొరుకుతుందని చెప్పింది.

బాలనర్సయ్య చేయి చాపితే రెండు రంగుల మన్నూ అతని అరచేతిలో పోసింది. వేళ్ళతో నలిపి చూశాడు. లేచి చెప్పులు వేసుకున్నాడు.

మర్నాటి నుంచి తవ్వకం మొదలైంది. కుప్పను ఎత్తిపోయడం కాకుండా, దాని అడుగున మనిషి పట్టేంత వెడల్పు కందకం తీసుకుంటూ పోయారు. నీలమ్మ ముందు, ఎటు తవ్వాలో మన్ను రంగు చూసి చెప్తూ. బాలనర్సయ్య గడ్డపారతో. భూలక్ష్మికి బడి సెలవులు, గంపలతో మోసేది. రెండోరోజు నీలమ్మతో పాటు కొండెక్కే కూరలవాళ్ళు ముగ్గురు, కొమురమ్మ అనే పెద్దావిడతో సహా, అమ్మకం ముగించుకొని వచ్చి చెయ్యి వేశారు. శారదాదేవి తన ఇంట్లో గోడ పని చేస్తున్న ఇద్దరు కూలీలను పంపింది. తనూ కారులో వచ్చింది. చెప్పులు విప్పి, తడి మడి గట్టు మీద నిలబడి, ఒంగి గుప్పెడు మన్ను తీసుకొని వాసన చూసింది. మా నాన్నగారుంటే ఈ మట్టిని కండువాలో కట్టించుకు తీసుకెళ్ళేవారు నీలమ్మా అని, బావి గట్టు నీడలో కూర్చుంది.

గురువారం పొద్దున నర్సింహ వచ్చాడు. షూటింగుకు పోలేదు. చొక్కా విప్పి గట్టున పెట్టి అన్న చేతిలోంచి గడ్డపార తీసుకున్నాడు. గంటసేపు తలెత్తకుండా తవ్వాడు. కందకంలోకి ఒక స్తంభం ముక్క జారిపడింది. నల్లరాయిలా ఉంది, మీద సన్నటి తెల్లచుక్కలు. నర్సింహ దాన్ని చూస్తూ ఆగిపోయాడు. ఆ చుక్కలు అతను వేసినవే.

"అన్నా, గీ లారీలు నేనే పొయ్యమన్న" అన్నాడు. "మూలకు బండలే గదా, ఏం పండది అనుకున్న. డ్రైవర్లు దూరం పోవుడు ఎందుకంటే గీడ పొయ్యుండ్రి అని నేనే చెప్పిన. మీరడిగితే ఎవరో పోస్తున్నరని అబద్ధం జెప్పిన. సర్వేయర్ సారు రాయి గురించి చెప్పినప్పటి సంది నాకు అన్నం పోతలేదు."

నీలమ్మ చేతిలో ఉన్న గంప కింద పెట్టింది. ఏమంటుందోనని అందరూ ఆమె వైపు చూశారు. ఆమె బావి దగ్గరికి పోయింది. తొట్టిలో నీళ్ళు తీసుకొని ముఖం కడుక్కుంది, ఇంకోసారి కడుక్కుంది. మూడు నెలలుగా ఆమె తిరిగిన తిరుగుళ్ళు, వరండాలో కూర్చున్న మధ్యాహ్నాలు అన్నీ గుర్తొచ్చి ఉంటాయి. ఆ కోపం చిన్నది కాదని తర్వాత ఆమే చెప్పింది. కానీ తిరిగి చూస్తే మరిది కందకంలో అలాగే నిలబడి ఉన్నాడు, పక్కనుంచి ప్లాస్టరు పెళ్ళలు రాలుతున్నాయి.

"ఇప్పుడు జెప్పినవు గదా. తవ్వు" అని బాలనర్సయ్య అప్పటికే తమ్ముడితో అంటున్నాడు.

నీలమ్మ వెనక్కి వచ్చి గంప ఎత్తుకుంది. "ఆ స్తంభం కింద నిలవడకు నర్సింహ. కాలు మీద పడ్తది" అంది. ఆ రోజు ఆమె అతనితో అన్నది అంతే. మధ్యాహ్నం మాత్రం అందరికన్నా ముందు అతనికే జొన్నరొట్టె ఇచ్చింది.

శనివారం మధ్యాహ్నం గడ్డపార మొన ఖంగున మోగింది. అప్పటికి కందకం పదమూడు గజాలు వెళ్ళింది. నీలమ్మ చేతులతో మన్ను తీసింది. నిలువుగా పాతిన చదరపు బండ. దాని ఒక పక్క నల్లమన్ను, ఇంకో పక్క ఎర్రమొరం. అందరూ ఊపిరి పీల్చుకున్నారు కానీ, నీలమ్మ బండ పైభాగం తడిమి చేయి వెనక్కి తీసుకుంది. తల విరిగిపోయి ఉంది. సర్వేవాళ్ళు హద్దురాయి నెత్తిన చెక్కే గుర్తు దానిమీద లేదు. ఏ లారీ చక్రమో, పడ్డ బండో కొట్టేసి ఉండాలి. గుర్తు లేని రాయిని సర్వేయర్ ఒప్పుకుంటాడా, ఎవరో మొన్ననే పాతారని మేనేజరు అంటే ఏం చెప్పాలి?

ఆదివారమంతా నర్సింహ విరిగిపోయిన ఆ తల ముక్క కోసం వెతికాడు. కుప్పలో వేల ముక్కలున్నాయి, సగం రాయిలా కనిపించే ప్లాస్టరు. అతను ఒక్కొక్కదాన్నీ తీసి గోటితో గీరి చూసేవాడు. తెల్లపొడి రాలితే పక్కన పడేసేవాడు. సాయంత్రం నాలుగింటికి పిడికెడు కంటే కొంచెం పెద్ద ముక్క ఒకటి తీసి గీరాడు. ఏమీ రాలలేదు. తడి గుడ్డతో తుడిస్తే రెండు గీతలు అడ్డంగా చెక్కిన గుర్తు బయటపడింది. పరుగెత్తుకొచ్చి బండ మీద పెడితే విరుగుడు అంచు విరుగుడు అంచులో కూర్చుంది. బాలనర్సయ్య ఆ ముక్కను తీసి మళ్ళీ పెట్టి చూశాడు, మళ్ళీ తీసి పెట్టాడు.

సోమవారం త్రినాథరావు వచ్చాడు, మేనేజరూ వచ్చాడు. సర్వేయర్ కందకంలోకి దిగి, రాయి మొదలు చుట్టూ తవ్వించి, ఎన్నాళ్ళుగానో కదలని రాయేనని తేల్చుకున్నాడు. ముక్కను అమర్చి చూశాడు. తర్వాత కందకం గోడలోని రెండు రంగుల గీత మీద వేలు పెట్టి, ఇంత కుప్ప కింద ఇక్కడే అని ఎలా తెలిసిందని నీలమ్మను అడిగాడు.

"మన్ను జూడుండ్రి సారు. నల్లగున్నంతవరకు మేం ఎరువేసినం. ఎర్రగున్నది మాది గాదు" అంది.

త్రినాథరావు వేలికంటిన మన్ను దులుపుకున్నాడు. "మన్నుని బట్టి నేను రాయలేనమ్మా. రాయిని బట్టి రాస్తాను. కానీ రెండూ ఒకే మాట చెప్తున్నాయి" అన్నాడు.

గొలుసు పట్టి కొలిచారు. మూడు రాళ్ళనూ కలిపితే బావి గీతకు ఇరవై ఎనిమిది అడుగులు ఇవతలే ఉంది. మేనేజరు గొలుసు తనే పట్టుకొని రెండోసారి కొలిపించాడు. అంతే వచ్చింది. ఒక్కటి మాత్రం వాళ్ళు అనుకోనిది జరిగింది. తూర్పున, బాలనర్సయ్య ఎనిమిదేళ్ళ కిందట గట్టు జరిపి కొత్తగా చేసిన మడి ఒకటి హద్దుకు అవతల, కాలనీ వైపు పడింది. అది మనది కాదన్నమాట అని నీలమ్మ వెంటనే వెళ్ళి అందులో ఉన్న చుక్కకూర పీకడం మొదలుపెట్టింది. మేనేజరు అది చూసి, పంట అయ్యాకే తీసుకోమన్నాడు. కాగితం మీద రెండు పక్షాలవాళ్ళ చేతా సంతకాలు పెట్టించుకొని త్రినాథరావు తువ్వాలు నెత్తిన వేసుకున్నాడు. బాలనర్సయ్య అతనికి బావినీళ్ళు తెచ్చి ఇచ్చాడు. సర్వేయర్ రెండు చెంబులు తాగాడు.

వాళ్ళంతా వెళ్ళాక బాలనర్సయ్య మోటరు వేశాడు. మూడు నెలల తర్వాత తనంతట తను వేయడం అదే. నీళ్ళు కాలువలోకి దూకుతుంటే నీలమ్మ బావి గట్టు మీద, కానుగ చెట్టు నీడలో కూర్చుంది. కాసేపు నడుము వాలుద్దామని కొంగు పరుచుకుంది. అంతే, నిద్రపోయింది. పట్టపగలు ఆమె నిద్రపోవడం ఆ ఇంట్లో ఎవరూ చూసి ఎరగరు. భూలక్ష్మి లేపబోతే తండ్రి వద్దన్నాడు. సాయంత్రం ఇంటికి తీసుకెళితే, నాలుగు ముద్దలు తిని మళ్ళీ పడుకుంది.

మర్నాడు తెల్లారినా లేవలేదు. బాలనర్సయ్య తనే కోసి, కట్టలు కట్టి, నూలుచీర తడిపి కప్పి, జీవితంలో మొదటిసారి గంప ఎత్తుకొని కొండెక్కాడు. ఏ గేటు ముందు ఆగాలో అతనికి తెలియదు. ఆగినచోట ఏమనాలో తెలియదు. ఒక ఇంటి ముందు అరగంట నిలబడితే కాపలావాడు వచ్చి ఎవరు కావాలని అడిగాడట. ప్రతి ఇంట్లోనూ మొదట గంప వైపు కాకుండా అతని వెనక్కి చూసి, నీలమ్మ ఏది, బాగానే ఉందా అని అడిగారు. శారదాదేవి అతని ముఖం చూసి సంగతి గ్రహించి, ఎన్నడూ లేనన్ని కట్టలు తీసుకుంది. బాలనర్సయ్య సగం గంప మిగుల్చుకొని పన్నెండింటికి దిగివచ్చి, ఇంటి గడపలో కూర్చొని, ఇన్నేళ్ళుగా రోజూ నువ్వు ఇంత ఎత్తు ఎక్కుతున్నవా అని భార్యను అడిగాడు. నీలమ్మ అప్పుడే లేచి తల దువ్వుకుంటున్నది. మిగిలిన కొత్తిమీర చూసి నవ్వింది. ఆ నవ్వు ఆగలేదు. భూలక్ష్మికి కూడా నవ్వొచ్చింది. బాలనర్సయ్య కొంచెంసేపు బిగదీసుకొని, తనూ నవ్వి, అన్నం పెట్టమన్నాడు. రెండుసార్లు పెట్టించుకున్నాడు.

కాలనీవాళ్ళు గోడను సర్వేయర్ చూపించిన గీత మీదే కట్టుకున్నారు. తర్వాతి ఏళ్ళలో కొండ మీద ఇళ్ళు పెరిగాయి, కింద రోడ్డు వెడల్పయింది, పొలం అడిగినవాళ్ళు చాలామంది వచ్చారు. నీలమ్మ, బాలనర్సయ్య అమ్మమని చెప్పి, మంచినీళ్ళిచ్చి పంపేవాళ్ళు. తొంభైలు ముగిసే నాటికీ అక్కడ కొత్తిమీర పండుతూనే ఉంది. నర్సింహ సెట్లకు పోవడం మానలేదు కానీ, ఏడాదికి రెండుసార్లు ఎరువు మోసే రోజులకు మాత్రం సెలవు పెట్టి వచ్చేవాడు.

మండలాఫీసు నుంచి హద్దుల కాగితం సర్వే జరిగిన ఆ ఏడాదే జూలైలో వచ్చింది. తొలకరి వానలు పడి నేల మెత్తబడిన రోజు. నీలమ్మ భూలక్ష్మి చేత దాన్ని మొదటినుంచి చివరిదాకా చదివించుకుంది. ఊరు, నంబరు, మూడు రాళ్ళు, బావి, సాగు చేస్తున్నవాళ్ళ పేర్లు. పంట అన్నచోట ఆకుకూరలు అని ఉంది. ఇంకోసారి చదవమంది. తర్వాత కాగితాన్ని పెట్టెలో బట్టల అడుగున పెట్టి, ధనియాల మూట తీసుకొని పొలానికి పోయింది. ధనియాలు రెండు బద్దలు కాకపోతే మొలక సరిగా రాదు. బాలనర్సయ్య బండ తుడిచి ఉంచాడు. ఆమె గింజలు పోస్తుంటే అతను చెప్పుకాలితో నెమ్మదిగా రాస్తూ నలిపాడు. సన్నగా వాన పడుతూనే ఉంది. చీకటి పడకముందే నాలుగు మడులు చల్లాలని ఇద్దరూ తొందరపడ్డారు.